కంపెనీ ఇచ్చే ఫెలోషిప్: డబ్బు ఎవరిది, పరిశోధన ఎవరిది?

మొన్న వర్షాకాలంలో ఒక సాయంత్రం విశాఖలో మద్దిలపాలెం దగ్గర టీ బడ్డీ ముందు ఒక కుర్రాడు నన్ను ఆపాడు. ఊరు పలాస దగ్గర. ఇక్కడే ఎంటెక్ చేసి పీహెచ్‌డీలో చేరబోతున్నాడు. చేతిలో నాలుగు పేజీల కాగితం, తడిసిపోకుండా పాలిథీన్ కవర్లో పెట్టుకున్నాడు. ఒక కంపెనీ అతనికి మూడేళ్ల ఫెలోషిప్ ఇస్తానంది. నెలనెలా డబ్బు, ప్లాంటులో నేర్పించడానికి ఒక మెంటర్. ఇంట్లోవాళ్లు అప్పటికే చుట్టాలందరికీ చెప్పేశారట. కానీ ఏడో క్లాజు చదివినప్పటి నుంచి అతనికి టెన్షన్ పట్టుకుంది. "ఏటి సార్ ఇది, ఇక్కడ సంతకం పెట్టేస్తే నా థీసిస్ నాది కాకుండా పోద్దా?" అని అడిగాడు.

అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. నిలబడి రెండు టీలు తాగేదాకా మాట్లాడుకున్నాం, అప్పటికీ సగమే తేలింది. విశాఖలో ఈ మధ్య ఇలాంటి కాగితాలు పట్టుకుని వస్తున్న పిల్లలు పెరిగారు. వాళ్ల తల్లిదండ్రులకూ, కొన్నిసార్లు గైడ్‌లకూ అవే అనుమానాలు. ఆ ముడులు మొదటి నుంచీ ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

ఇప్పుడే ఎందుకు ఇంత చర్చ

విశాఖకు పరిశ్రమలు కొత్త కాదు. 1941లో ఇక్కడ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1957లో రిఫైనరీ వచ్చింది, తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 నుంచి ఉంది. ఊళ్లో పరిశ్రమ ఉంది, చదువూ ఉంది. కానీ చాలాకాలం ఈ రెండిటి మధ్య రాకపోకలు ఎక్కువగా ఉద్యోగాల కోసమే. క్యాంపస్ ఇంటర్వ్యూ పెట్టి పిల్లల్ని తీసుకెళ్లేవారు, టెక్నాలజీ మాత్రం చాలావరకు బయటి నుంచి కొనేవారు.

ఇప్పుడు ఆ లెక్క కొంత మారుతోంది. 2025 జనవరిలో పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది అక్టోబరులో విశాఖలో ఏఐ డేటా సెంటర్ కోసం అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని గూగుల్ ప్రకటించింది. పరవాడలో ఫార్మా సిటీ ఉంది, పెదగంట్యాడ దగ్గర వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది, 2016లో మొదలైన పెట్రోలియం, ఎనర్జీ జాతీయ విద్యాసంస్థ ఐఐపీఈ ఉంది. నౌకాదళం కోసం 1969 నుంచి పనిచేస్తున్న డీఆర్‌డీవో ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ సరేసరి. హైడ్రోజన్‌ని ఏ పైపులో పంపాలి, సర్వర్లని ఎలా చల్లబరచాలి లాంటి సంగతులకు నాలుగేళ్లు కూర్చుని లోతుగా చూసేవాళ్లు కావాలి. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగంలో చేరినవాళ్లకు అంత తీరిక దొరకదు.

ఢిల్లీ స్థాయిలో ఇంకో కారణం ఉంది. పరిశోధనకు మన దేశం పెడుతున్నది 2020-21 లెక్కల ప్రకారం జీడీపీలో 0.64 శాతం. అందులో ప్రైవేటు పరిశ్రమ వాటా మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. 2023లో చట్టం చేసి తెచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు అయిదేళ్లలో 50,000 కోట్లు అనుకుంటే, అందులో 36,000 కోట్ల దాకా పరిశ్రమలు, దాతల నుంచే రావాలని అప్పట్లోనే చెప్పారు. పరిశ్రమ డబ్బు క్యాంపస్‌లోకి రావాలని ప్రభుత్వమే కోరుకుంటోందన్నమాట. వచ్చిన డబ్బు చివరికి చేరేది ల్యాబ్‌లో రాత్రి పదింటికి కూర్చున్న విద్యార్థి దగ్గరికే. ఆ డబ్బు వెంట ఏమేం వస్తాయన్నది అందుకే తెలుసుకోవాల్సిన విషయం.

'స్పాన్సర్డ్' అనే మాటతోనే సగం గందరగోళం

ఈ ఒక్క మాటను మన దగ్గర కనీసం నాలుగు రకాలుగా వాడతారు. మొదటిది, ఎంటెక్ అడ్మిషన్లలో కనిపించే స్పాన్సర్డ్ కేటగిరీ. అక్కడ విద్యార్థి అప్పటికే ఒక కంపెనీలో ఉద్యోగి. కంపెనీ అతన్ని చదువుకు పంపిస్తుంది, చదువయ్యాక మళ్లీ అక్కడికే వెళ్తాడు. ఫెలోషిప్ సంగతి దీనికి తలకిందులు. విద్యార్థి కాలేజీ మనిషి, డబ్బు మాత్రం కంపెనీది.

రెండోది స్పాన్సర్డ్ ప్రాజెక్టు. ఒక సమస్య పరిష్కరించమని కంపెనీ ప్రొఫెసర్‌కి నిధి ఇస్తుంది, ఆ నిధిలోంచి ఆయన జేఆర్‌ఎఫ్‌గా (జూనియర్ రీసెర్చ్ ఫెలో) ఒకరిని పెట్టుకుంటారు. విద్యార్థికి ఇదీ ఫెలోషిప్పే అనిపిస్తుంది. కానీ ప్రాజెక్టు ఎప్పుడు ముగిస్తే అప్పుడు జీతం ఆగిపోతుంది, పీహెచ్‌డీ అయిందా లేదా అన్నదానితో సంబంధం ఉండదు. మూడోది కన్సల్టెన్సీ. కంపెనీకి ఒక పరీక్షో డిజైనో చేసి రిపోర్టు ఇవ్వడం. విద్యార్థి సాయం చేస్తే చేయొచ్చు గానీ అందులోంచి థీసిస్ పుట్టదు.

నాలుగోదే మనం మాట్లాడుకుంటున్న అసలైన ఫెలోషిప్. డబ్బు ప్రాజెక్టుకి ముడిపడి ఉండదు, విద్యార్థి పేరు మీద వస్తుంది. ఇంత కాలం, ఇంత మొత్తం అని ముందే రాసి ఉంటుంది. దాంతోపాటు కంపెనీ ఇంజినీరు ఒకరు మెంటర్‌గా ఉంటారు. పలాస కుర్రాడి కాగితం పైన 'ఫెలోషిప్' అనే ఉంది. లోపల చదివితే సగం ప్రాజెక్టు భాష. అతని అనుమానానికి మొదటి కారణం అదే.

పేర్ల గొడవ ఇంకొకటి ఉంది. ప్రధానమంత్రి పేరుతో రెండు ఫెలోషిప్‌లు ఉన్నాయి, చదువుకున్నవాళ్లే వీటిని కలిపేస్తుంటారు. 2018లో మొదలైన పీఎంఆర్‌ఎఫ్ (ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్) పూర్తిగా ప్రభుత్వ డబ్బు. అంతకంటే ముందు, 2012లో, పరిశ్రమల సమాఖ్యతో కలిసి డాక్టోరల్ పరిశోధనకు ఒక ఫెలోషిప్ తెచ్చారు. అందులో సగం ప్రభుత్వం ఇస్తుంది, సగం భాగస్వామి కంపెనీ ఇస్తుంది. మామూలుగా వచ్చే ఫెలోషిప్‌కి రెట్టింపు విద్యార్థికి అందాలన్నది దాని ఉద్దేశం. కంపెనీ ముందుకొస్తేనే ఈ రెండోది కుదురుతుంది.

నెలకు ఎంత, ఎన్నేళ్లు

డబ్బు మాట ముందు చూద్దాం, ఇంట్లో మొదట అడిగేది అదే కదా. గేట్ రాసి ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయలు. ఎంవీపీ కాలనీలో ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకుని, మెస్సుకి కట్టుకుంటే ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000. హాస్టల్లో లేకపోతే ఇంటద్దె భత్యం అదనం.

అయిదేళ్లకు లెక్క వేద్దాం. మొదటి రెండేళ్లు 37,000 చొప్పున 8,88,000. తర్వాతి మూడేళ్లు 42,000 చొప్పున 15,12,000. మొత్తం సరిగ్గా 24 లక్షలు. పీఎంఆర్‌ఎఫ్ అయితే మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడాది 75,000, ఆ తర్వాత రెండేళ్లు 80,000. కలిపితే 45 లక్షలు, పరిశోధన ఖర్చులకు మరో 10 లక్షలు. కంపెనీ ఫెలోషిప్‌లు చాలావరకు ఈ రెండు కొలతల మధ్యలో ఎక్కడో ఉంటాయి.

నెల మొత్తం చూసి మురిసిపోతాం గానీ అసలు తేడా కాలంలో ఉంది. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఇంజినీరింగ్‌లో కోర్సువర్క్, పరికరాలు రావడం, ప్రయోగం రెండుసార్లు విఫలమవడం అన్నీ కలిపి నాలుగున్నర, అయిదేళ్లు పట్టడం మామూలే. పలాస కుర్రాడి కాగితంలో ఉన్నది మూడేళ్లు. నెలకు 50,000 అనుకున్నా మూడేళ్లకు 18 లక్షలు. ఆ తర్వాత సున్నా అయితే, నెలకు 37,000తో మొదలై అయిదేళ్లు వచ్చే మామూలు ఫెలోషిప్ కంటే 6 లక్షలు తక్కువ. పైగా డబ్బు ఆగేది థీసిస్ రాసే కాలంలో. ఏ ఉద్యోగమో చూసుకుని వెళ్లిపోయి, సినాప్సిస్ (థీసిస్‌కు ముందు ఇచ్చే సారాంశం) దగ్గర ఆగిపోయిన స్కాలర్లను నేను చాలామందిని చూశాను. వాళ్ల చదువు ఆగింది తెలివి చాలక కాదు.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ బిగుస్తుంది. వాళ్లకు యూజీసీ ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు, గడువులో రెండేళ్ల అదనపు వెసులుబాటు ఇచ్చింది. కంపెనీ ఒప్పందంలో మాత్రం మూడేళ్లంటే మూడేళ్లే. ఆ 240 రోజులు ఎవరి ఖాతాలో పడతాయో చాలా కాగితాల్లో రాసి ఉండదు. ఇది ఎవరో కావాలని చేసిన అన్యాయం అని నేను అనుకోను. రాసినవాళ్లకు ఆ ఆలోచనే రాలేదు. నష్టపోయేది మాత్రం ఆ అమ్మాయే.

కంపెనీ ఏ జేబులోంచి ఇస్తోంది

ఇది బయటికి కనిపించదు గానీ షరతులన్నీ పుట్టేది ఇక్కడే. కంపెనీకి మూడు జేబులు ఉంటాయి.

ఒకటి సామాజిక బాధ్యత నిధి, అందరూ సీఎస్‌ఆర్ అంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ తన గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం దీనికి ఖర్చుపెట్టాలి. విద్యకు సాయంగా విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వొచ్చు. పరిశోధనకు నిధి అంటే మాత్రం ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, జాతీయ ప్రయోగశాలల వంటి వాటికే. ఈ డబ్బుతో కంపెనీ తన రోజువారీ వ్యాపారం పని చేయించుకోకూడదు, తన ప్రచారానికీ వాడుకోకూడదు. కాబట్టి సీఎస్‌ఆర్ ఫెలోషిప్ ఇచ్చి 'నువ్వు కనిపెట్టిందంతా మాది' అని రాయించుకుంటే ఆ రెండూ ఒకదానికొకటి పొసగవు.

రెండోది పరిశోధన విభాగం బడ్జెట్. ఇక్కడ కంపెనీ పెట్టిన రూపాయికి ఫలితం అడుగుతుంది, అడగడం న్యాయమే. గతంలో విశ్వవిద్యాలయ పరిశోధనకు 100 రూపాయలు ఇస్తే, పన్ను లెక్కలో 150 రూపాయలు ఖర్చు చూపించుకునే వీలుండేది. 2020 ఏప్రిల్ నుంచి 100కి 100 మాత్రమే. పన్నులో వచ్చే లాభం తగ్గాక, ఇచ్చిన డబ్బుకు చేతికి ఏం వచ్చిందని పైవాళ్లు అడగడం పెరుగుతుంది. ఒక ఊరట కూడా దొరికింది. కంపెనీ గ్రాంటుతో చేసే పరిశోధన మీద 18 శాతం జీఎస్టీ కట్టమని పెద్ద పెద్ద విద్యాసంస్థలకు నోటీసులు వచ్చిన గొడవ ఉండేది. 2024 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ గుర్తింపు ఉన్న సంస్థలకు దాన్ని మినహాయించింది.

మూడోది నియామకాల బడ్జెట్. మంచి పిల్లల్ని ముందే పట్టుకోవడం దాని లక్ష్యం. దీని వెంట బాండ్ వస్తుంది. చదువయ్యాక ఇన్నేళ్లు మా దగ్గర చేయాలి, లేదంటే ఇంత కట్టాలి అని. ఇలాంటి బాండ్ చెల్లదని క్యాంపస్‌లో ధీమాగా చెప్పేవాళ్లున్నారు. అది సగమే నిజం. కట్టాల్సిన సొమ్ము సహేతుకంగా ఉండాలని చట్టం అంటుంది. అలా ఉన్నప్పుడు కోర్టులు సమర్థించాయి కూడా. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా వెళ్లిపోతే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. అది ఉద్యోగి కేసు, విద్యార్థిది కాదు. అయినా 'బాండ్ అంటే ఉత్త కాగితం' అనుకోవడం ప్రమాదమే.

ఒకే పేరుతో, ఒకే మొత్తంతో మూడు జేబుల్లోంచి మూడు రకాల ఫెలోషిప్‌లు రాగలవు. పలాస కుర్రాడికి తన డబ్బు ఏ జేబులోంచి వస్తోందో తెలీదు. కాగితంలోనూ లేదు.

తుప్పు పట్టని రంగు: ఒక ఊహా ఉదాహరణ

థీసిస్ ఎవరిదన్న ప్రశ్నకు వద్దాం. మన ఊరి సమస్యే తీసుకుందాం. బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో బాల్కనీ గ్రిల్స్ చూడండి. వేసిన రంగు రెండేళ్లకే బుడగలు తేలి, గోటితో గీరితే ఎర్రగా పొడి రాలుతుంది. ఉప్పుగాలి పని అది. ఇళ్ల గ్రిల్స్‌కే ఇలా ఉంటే పోర్టులో క్రేన్లకు, రిఫైనరీ పైపులకు ఎంత నష్టమో ఊహించుకోవచ్చు.

ఒక రంగుల కంపెనీ ఈ సమస్య మీద ఒక అమ్మాయికి ఫెలోషిప్ ఇచ్చిందనుకుందాం. ఆమె ల్యాబ్‌లో సాల్ట్ స్ప్రే పెట్టె ఉంటుంది. 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీటిని పొగమంచులా చిమ్ముతూ, రంగు వేసిన ఇనుప పలకల్ని అందులో వందల గంటలు ఉంచుతారు. పద్దెనిమిదో నెలలో, జులైలో, ఆమె మార్చిన మిశ్రమం వేసిన పలక మామూలు పలక కంటే చాలా ఎక్కువ గంటలు తట్టుకుంది. డిసెంబరులో ఒక కాన్ఫరెన్స్ ఉంది. అక్కడ చెప్పాలని ఆమెకు ఆత్రం. కంపెనీకి గుండె జారుతుంది. ఎందుకంటే పేటెంట్ దరఖాస్తు వేయకముందే బయటపెట్టేస్తే అది కొత్తది కాకుండా పోతుంది, కొన్ని చిన్న మినహాయింపులు తప్ప ఇక పేటెంట్ రాదు.

ఇద్దరి బాధా నిజమే. కానీ ఇద్దరికీ కుదిరే దారి చట్టంలోనే ఉంది. సెప్టెంబరులో తాత్కాలిక దరఖాస్తు వేస్తే ఆ తేదీ ఖాయమైపోతుంది. పూర్తి వివరాలు ఇవ్వడానికి అక్కడి నుంచి 12 నెలల గడువు ఉంటుంది. డిసెంబరులో ఆమె నిశ్చింతగా మాట్లాడొచ్చు, దరఖాస్తులో రాసినంత మేరకు. విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజులో 80 శాతం తగ్గింపు 2021 నుంచి ఉంది కాబట్టి ఖర్చు కూడా పెద్ద అడ్డు కాదు. అంటే ప్రచురణ ఆగాల్సింది రెండు మూడు నెలలు. పలాస కుర్రాడి ఏడో క్లాజులో ఉన్నదేమో 'కంపెనీ లిఖితపూర్వక అనుమతి లేకుండా ఏదీ ప్రచురించరాదు' అని. గడువు లేదు. అనుమతి రాకపోతే ఏమవుతుందో లేదు. 'ప్రచురణకు 60 రోజుల ముందు చూపించాలి' అన్నదానికీ దీనికీ మాటల్లో తేడా చిన్నదే, పీహెచ్‌డీకి మాత్రం ప్రాణం మీదికి వచ్చేంత. వైవా, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్ష, నలుగురి ముందు జరగాలి, థీసిస్ అందరూ చదవగలిగే శోధగంగ వెబ్‌సైట్లో చేరాలి అని యూజీసీ నిబంధన. అనుమతి చేతిలో లేని థీసిస్‌తో ఈ రెండూ ఎలా దాటాలి?

ఇక 'పేటెంట్ చెరిసగం' అనే మాట. వినడానికి ఎంతో సమానంగా ఉంటుంది. కానీ మన పేటెంట్ల చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉమ్మడి యజమానుల్లో ఎవరైనా ఆ ఆవిష్కరణను తమ కోసం వాడుకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పనక్కర్లేదు. మూడోవాళ్లకు లైసెన్సు ఇవ్వాలంటే మాత్రం రెండోవారి సమ్మతి కావాలి. కంపెనీకి ఫ్యాక్టరీ ఉంది, ఆ రంగు తయారుచేసి అమ్ముకుంటుంది. విశ్వవిద్యాలయానికి ఫ్యాక్టరీ లేదు, దానికి డబ్బు రావాలంటే ఇంకెవరికైనా లైసెన్సు ఇవ్వాలి. దానికి కంపెనీ ఒప్పుకోవాలి. అంటే కాగితం మీద చెరిసగం అన్నది అసలు ఆచరణలో ఒక పక్కకే పనికొస్తుంది. రాయల్టీ సంగతి విడిగా రాసుకుంటే తప్ప.

ఆ అమ్మాయి సంగతేంటి? ఆవిష్కర్తగా పేటెంట్ మీద పేరు ఉండటం ఆమె హక్కు. యాజమాన్యం వేరే సంగతి, దాన్ని ఒప్పందంతో బదిలీ చేసుకోవచ్చు. థీసిస్ రాసింది ఆమె, డిగ్రీ ఆమెది. అందులోని పదార్థం అమ్ముకునే హక్కు ఇంకొకరిది కావచ్చు. పలాస కుర్రాడి ప్రశ్నకు దగ్గరగా చెప్పగలిగిన జవాబు ఇదే.

ప్లాంటు అంకెల మాట కూడా ఇక్కడే చెప్పాలి. రహస్యాలకు మన దేశంలో విడిగా చట్టం లేదు, అంతా ఒప్పందాల మీదే నడుస్తుంది. అందుకే కంపెనీలు కాగితం బిగుతుగా రాస్తాయి. కానీ అసలు అంకె దాచి నిష్పత్తులు మాత్రం గ్రాఫులో చూపడం ఇంజినీరింగ్‌లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. గంటకు ఎన్ని టన్నులో చెప్పకుండా, మొదటి రోజుతో పోలిస్తే ఎంత శాతం తగ్గిందో చెప్పొచ్చు. సైన్సుకు నష్టం లేదు, కంపెనీకీ భయం లేదు.

గైడ్ ఒకరు, మెంటర్ ఒకరు

గైడ్ పని డిగ్రీ దాకా తీసుకెళ్లడం. యూజీసీ ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురి వరకు స్కాలర్లు ఉండొచ్చు. ఆయనకు పాఠాలుంటాయి, మీటింగులుంటాయి. మెంటర్ పని వేరు. పుస్తకానికీ ప్లాంటుకీ మధ్య ఉన్న దూరాన్ని పక్కనుండి దాటించడం.

దాని విలువ నాకు ఎలా తెలిసిందో చెప్తాను. చాలా ఏళ్ల క్రితం నా ఎంటెక్ ప్రాజెక్టు ఈ చుట్టుపక్కల ఒక ప్లాంటులో. హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల్లో మడ్డి పేరుకుని వేడి మారడం ఎలా తగ్గుతుందన్నది విషయం. గేటు దగ్గర ఫోను అప్పగించి, సైజు సరిపోని సేఫ్టీ బూట్లు వేసుకుని కంట్రోల్ రూంకి వెళ్లేవాణ్ని. గంటగంటకీ మీటర్ల అంకెలు చేత్తో రాసే లాగ్ షీట్లు ఆరు నెలలవి కాపీ చేసుకుని, అంకెలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, గ్రాఫు గీసి గర్వంగా మెంటర్ గారికి చూపించాను. ఆయన ముప్ఫై ఏళ్ల సర్వీసున్న మనిషి. గ్రాఫు వైపు చూడలేదు, లాగ్ షీటు తీసుకుని రాత్రి షిఫ్టు వరుస మీద వేలు పెట్టారు. రెండు గంటలకు, మూడు గంటలకు, నాలుగు గంటలకు ఒకే ఉష్ణోగ్రత. "బాబూ, మూడు గంటలు వరసగా ఒకే అంకె ఉంటే అది మీటర్ చెప్పింది కాదు, పెన్ను చెప్పింది" అన్నారు. నా డేటాలో మూడో వంతు ఆ రోజే పోయింది. మిగిలినదాంతోనే నా ప్రాజెక్టు నిలబడింది. ఆ ఒక్క మాట ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

నాలుగో నెలలో ఆయనకు బదిలీ అయింది. తర్వాత వచ్చిన అధికారికి నేనెవరో తెలీదు, తెలుసుకునే తీరికా లేదు. గేట్ పాస్ రెన్యువల్‌కే మూడు వారాలు పట్టింది. ఎవరి తప్పని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. మెంటర్ అనే బాధ్యత ఆ మనిషి మంచితనం మీదే నిలబడి ఉంది, సంస్థ దాన్ని ఎక్కడా రాసుకోలేదు. మనిషి వెళ్లగానే అదీ వెళ్లిపోయింది.

బయటి దేశాల్లో దీన్ని పద్ధతిలో పెట్టిన అనుభవం ఉంది. అమెరికాలో చిప్‌లు తయారుచేసే కంపెనీలు 1982లో అందరూ కలిసి సెమీకండక్టర్ రీసెర్చ్ కార్పొరేషన్ పెట్టుకున్నాయి. పోటీదారులే డబ్బు ఒకచోట వేసి విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకు ఇస్తారు, విద్యార్థుల పనికి కంపెనీల ఇంజినీర్లు మెంటర్లుగా ఉంటారు. డబ్బు అందరిదీ కావడంతో ఒక్క కంపెనీ పట్టు తగ్గుతుంది. బ్రిటన్‌లో కేస్ అనే పద్ధతిలో విద్యార్థి కనీసం మూడు నెలలు కంపెనీలో గడపాలి. ఫ్రాన్స్‌లో సిఫ్ర్ పద్ధతి ఇంకా స్పష్టం. కంపెనీ విద్యార్థిని ఉద్యోగిగానే తీసుకుంటుంది, ప్రభుత్వం కంపెనీకి సబ్సిడీ ఇస్తుంది. ఉద్యోగి కాబట్టి హక్కులూ బాధ్యతలూ మొదటి రోజే తేలిపోతాయి. మన దగ్గర విద్యార్థి ఇటు ఉద్యోగీ కాడు, అటు పూర్తిగా స్వేచ్ఛగా ఉన్న స్కాలరూ కాడు.

2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పద్ధతి ఈ ఖాళీని కొంత పూడ్చగలదు. కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్న పరిశ్రమ నిపుణుల్ని పీహెచ్‌డీ లేకపోయినా క్యాంపస్‌లో నియమించుకోవచ్చు. ఉక్కు ఫ్యాక్టరీ నుంచి, రిఫైనరీ నుంచి, షిప్‌యార్డు నుంచి రిటైరై ఇక్కడే స్థిరపడ్డ ఇంజినీర్లు ఈ ఊళ్లో ఎంతమందో. ఏ లాగ్ షీట్లో ఏ అంకె పెన్నుదో వాళ్లకు తెలుసు. ఈ ఊరికున్న అంత పెద్ద ఆస్తి వాడకుండా ఉండిపోతోందని నాకు బాధగా ఉంటుంది.

మంచిదే అనేవాళ్లు, భయపడేవాళ్లు

మంచిదే అనేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ల్యాబ్‌లో బీకరు స్థాయిలో పనిచేసింది ప్లాంటులో పనిచేయదు, ఆ తేడా ప్లాంటుకి వెళ్తేనే తెలుస్తుంది. కోట్లు విలువచేసే పరికరాలు చాలా కాలేజీల్లో ఉండవు. పరిశోధన చేసిన చోటే ఉద్యోగం దొరికే అవకాశం ఉంటుంది. కంపెనీ మేనేజర్ వైపు నుంచి చూస్తే, ఆయనకు మూడు నెలలకోసారి పైవాళ్లకు లెక్క చెప్పాలి, అయిదేళ్లు ఓపిక పట్టమంటే ఆయన కుర్చీకే భరోసా లేదు. ఆయన గడువు అడగడంలో దురాశ ఏమీ లేదు.

భయపడేవాళ్లు అడిగేది ఇంకో ప్రశ్న. ఎవరూ డబ్బివ్వని విషయాలు ఎవరు చదవాలి? 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకు డిజైన్ లోపం, శీతలీకరణ సరిగా లేకపోవడం, నిరోధక రసాయనం చాలకపోవడం వంటి కారణాల్ని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పింది. ఇవన్నీ కెమికల్ ఇంజినీరింగ్ ప్రశ్నలే, ఒక పీహెచ్‌డీకి సరిపడా లోతైనవి. పాత ట్యాంకుల్లో ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో వెతకమని ఫెలోషిప్ ఇచ్చే కంపెనీ దొరుకుతుందా? దొరికినా, చేదు ఫలితం వస్తే ఏడో క్లాజు దాన్ని బయటికి రానిస్తుందా? గెడ్డల్లో కలిసే వ్యర్థాల మీద, చేపల్లో చేరే లోహాల మీద చదివేవాళ్లకు ప్రభుత్వ ఫెలోషిప్పే దిక్కు. పరిశ్రమ డబ్బు పెరిగింది కదా అని ఆ దిక్కు తగ్గకూడదు. ఈ విషయంలో నేను భయపడేవాళ్ల పక్షమే.

ఇంకో ఫిర్యాదు దూరాల గురించి. కంపెనీలు పేరున్న కొద్ది సంస్థల చుట్టూనే తిరుగుతాయి. టెక్కలిలోనో బొబ్బిలిలోనో చదివే ఎంటెక్ విద్యార్థికి ప్లాంటు దగ్గర్లోనే ఉన్నా, ఫెలోషిప్ మాత్రం వేరే రాష్ట్రం వాళ్లకు వెళ్తుంది. కంపెనీలు ఎంపిక తేలికగా అవ్వాలని అలా చేస్తాయి. ఆ తేలిక వెల ఎవరు కడుతున్నారో వాళ్లకు కనిపించదు.

పలాస కుర్రాడి కాగితం

అతను కంపెనీకి మూడు ప్రశ్నలు రాసి పంపాడు. డబ్బు ఏ బడ్జెట్‌లోది, ప్రచురణకు గడువు ఎంత, నాలుగో ఏడాది సంగతేంటి. అడిగితే ఫెలోషిప్పే పోతుందేమోనని వాళ్ల నాన్న భయపడ్డారు. రెండు వారాలకు జవాబు వచ్చింది. డబ్బు ప్లాంటు పరిశోధన విభాగానిది. ఏడో క్లాజులో అనుమతి అన్న మాట తీసేసి, 60 రోజుల ముందు చూపించాలి, ఈలోగా అభ్యంతరం చెప్పకపోతే ప్రచురించుకోవచ్చు అని మార్చారు. అది రాసినాయన ఫోన్ చేసి, ఆ క్లాజు పాత సప్లయర్ కాంట్రాక్టులోంచి కాపీ అయి వచ్చిందని చెప్పారట. మెంటర్ పేరుతోపాటు, ఆయన బదిలీ అయితే బాధ్యత ఎవరిదో కూడా ఒక వాక్యం చేరింది. నాలుగో ఏడాదికి మాత్రం 'అప్పటి పరిస్థితిని బట్టి' అని ఒక్క ముక్క రాశారు. ఏదైనా ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌గా సర్దుతానని గైడ్ మాటిచ్చారు.

సంతకం పెట్టాడు. పోయిన వారం సేఫ్టీ ట్రైనింగ్ అయిపోయింది, గేట్ పాస్ చేతికొచ్చింది. మొదటి రోజు లాగ్ షీట్లు అడిగి తీసుకున్నానని ఫోన్ చేసి చెప్పాడు. "రాత్రి షిఫ్టువి ముందు చూశాను సార్" అన్నాడు.